మొదటి ఇంటి రాయితీ: చేరవలసిన చేతికి చేరుతున్నదా?

(సిడ్నీ, ద పాండ్స్‌లో మనవాళ్ళ ఆదివారం కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు ఇచ్చిన విషయం ఒకటే మాట: "మొదటి ఇల్లు కొనేటోళ్ళకు సర్కారు ఇచ్చే రాయితీలు ఎట్ల అందుకోవాలె, పది నిమిషాల్ల చెప్పు." అది చెబుతాను. కానీ ఇంకొంచెం సమయం అడిగి తీసుకున్నాను. కారణం మీకు తెలుసు. మన వాట్సాప్ గ్రూపులో కొన్ని వారాలుగా ఒక వినతిపత్రం తిరుగుతున్నది. స్టాంపు డ్యూటీ మినహాయింపు పరిమితిని 15 లక్షల డాలర్లకు పెంచాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని అడుగుదామని అందులో ఉంది. మీలో చాలామంది సంతకం పెట్టారు. నేను పెట్టలేదు. "ఏంది అన్నా, నీకు ఇల్లు అయిపోయింది కాబట్టి మా సంగతి పట్టదా" అని ఒక తమ్ముడు నన్ను నిలదీశాడు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు చెప్పాలంటే నా సొంత లెక్క మీ ముందు పెట్టాలి. ఇవాళ అదే చేస్తాను.

ముందు నిబంధనలు. మన న్యూసౌత్‌వేల్స్‌లో 2023 జులై 1 నుంచి మొదటి ఇల్లు కొనేవాళ్ళకు 8 లక్షల డాలర్ల వరకు స్టాంపు డ్యూటీ పూర్తిగా మాఫీ. 8 నుంచి 10 లక్షల మధ్య కొంత రాయితీ, 10 లక్షలు దాటితే ఏమీ లేదు. 8 లక్షల ఇంటి మీద మిగిలేది సుమారు 30 వేల డాలర్లు. ఖాళీ జాగ కొని కట్టుకునేవాళ్ళకు 3.5 లక్షల వరకు పూర్తి మాఫీ, 4.5 లక్షల వరకు కొంత రాయితీ. కొన్న ఏడాది లోపల ఇంట్లో దిగాలి, వరుసగా 12 నెలలు ఉండాలి. కొనేవాళ్ళలో కనీసం ఒకరు పౌరులో, పర్మనెంట్ రెసిడెంటో అయి ఉండాలి. మీరు గానీ, మీ భార్య లేదా భర్త గానీ ఆస్ట్రేలియాలో ఇంతకుముందు నివాస గృహం కొని ఉండకూడదు. దీనికి తోడు, కొత్త ఇల్లయితే 10 వేల డాలర్ల గ్రాంటు ఉంది. అది 6 లక్షల లోపు కొత్త ఇంటికి, జాగా ఇల్లూ కలిపి అయితే 7.5 లక్షల లోపు.

కేంద్ర ప్రభుత్వం వైపు నుంచి 5 శాతం డిపాజిట్ పథకం ఉంది. మీరు 5 శాతం పెడితే చాలు, మిగతా హామీ ప్రభుత్వం ఇస్తుంది, బ్యాంకు ఇన్సూరెన్సు కట్టనవసరం లేదు. 2025 అక్టోబరు 1 నుంచి దానికి ఆదాయ పరిమితి తీసేశారు, ఇంతమందికే అన్న లెక్క తీసేశారు, సిడ్నీలో ఇంటి ధర పరిమితిని 15 లక్షలకు పెంచారు. సూపర్‌లో మనంతట మనం అదనంగా వేసుకున్న సొమ్ములోంచి 50 వేల వరకు మొదటి ఇంటికి తీసుకునే వీలు కూడా ఉంది. ఇవీ పథకాలు. కాగితాలు ఏవేవి కావాలో చివర్లో ఎవరికైనా వివరంగా చెబుతాను.

ఇప్పుడు ఆ నిబంధనల్లో ఒక్క వాక్యం దగ్గరికి మళ్ళీ వెళ్దాం. "ఆస్ట్రేలియాలో ఇంతకుముందు ఇల్లు కొని ఉండకూడదు." ఆస్ట్రేలియాలో. ఈ ఒక్క మాట మనలాంటివాళ్ళకు ఎంత పెద్ద తలుపు తెరిచిందో చూడండి.

నేను 2013లో ఇక్కడికి వచ్చాను. అంతకు ముందు ఏడాదే మియాపూర్‌లో రెండు పడగ్గదుల ఫ్లాట్ కొన్నాను. సగం బాపు ఇచ్చిండు, సగం లోను. 2016లో పీఆర్ వచ్చింది. 2018లో స్కోఫీల్డ్స్‌లో 6 లక్షల 30 వేలకు రెండు పడగ్గదుల అపార్ట్‌మెంట్ కొన్నాను. అప్పుడు పూర్తి మాఫీ పరిమితి 6.5 లక్షలు. ఫారంలో అడిగిన ప్రశ్న, ఆస్ట్రేలియాలో ఇల్లు ఉన్నదా అని. లేదు అని రాశాను. నిజమే రాశాను. దాదాపు 24 వేల డాలర్ల డ్యూటీ మాఫీ అయింది. అప్పుడు ఆరు నెలలు ఉంటే చాలు, మేము మూడేళ్ళు ఉన్నాం. 2021లో ఇక్కడ ద పాండ్స్‌లో ఇల్లు కొని మారిపోయాం. అపార్ట్‌మెంట్ అమ్మలేదు. కిరాయికి ఇచ్చాం.

అంటే ఇవాళ నాకు హైదరాబాద్‌లో ఒకటి, స్కోఫీల్డ్స్‌లో ఒకటి, ఇక్కడొకటి. మూడు ఇళ్ళు. సర్కారు లెక్కలో నేను "మొదటి ఇల్లు కొనుక్కోవడానికి సాయం అందిన" మనిషిని. చట్ట ప్రకారం ఒక్క డాలరు తప్పు లేదు. ఆ అపార్ట్‌మెంట్ కింద నా వాటాకు వచ్చే భూమి విలువ చిన్నది కాబట్టి ల్యాండ్ టాక్స్ కూడా పడదు.

నన్ను నేను అడుగుకున్న ప్రశ్న ఇది. ఆ 24 వేలు మాఫీ కాకపోతే నేను ఇల్లు కొనకపోయేవాణ్ణా? కొనేవాణ్ణి. ఇద్దరం ఉద్యోగం చేస్తున్నాం. ఓ ఎనిమిది నెలలు ఆగి కొనేవాణ్ణి. రాయితీ నాకు ఇల్లు ఇవ్వలేదు, ఎనిమిది నెలలు ఇచ్చింది. ఆ తర్వాత రెండో ఇంటి డిపాజిట్‌కు చేతిలో కొంత సొమ్ము మిగిల్చింది.

ఇప్పుడు ఆ అపార్ట్‌మెంట్‌లో ఎవరుంటున్నారో చెబుతాను. వాళ్ళను అడిగే చెబుతున్నాను, పేర్లు మాత్రం వద్దన్నారు. ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన జంట. ఆమె వృద్ధాశ్రమంలో కేరర్. ఆయన కారు నడుపుతాడు. ఒక బిడ్డ. ఇద్దరి సంపాదన కలిపి ఏడాదికి లక్షా ఇరవై వేలు. పౌరసత్వం కూడా వచ్చింది. ఇక్కడ గానీ అక్కడ గానీ వాళ్ళ పేర ఇల్లు లేదు. ఇవాళ ఈ సభకు రమ్మన్నాను. ఆదివారం షిఫ్టుకు గంట కూలి ఎక్కువ వస్తది, వదులుకోలేను అన్నా అన్నది.

2021లో వారానికి 430 డాలర్ల కిరాయితో దిగారు. ఇప్పుడు 620. ఇప్పటిదాకా వాళ్ళు నాకు కట్టింది లక్షా ఇరవై వేల డాలర్లకు తక్కువ లేదు. ఒక్క వారం కూడా ఆలస్యం చేయలేదు.

మొదటి ఇంటి రాయితీలు ఎవరికోసమని సర్కారు చెబుతుందో, అచ్చంగా ఆ మనుషులు వీళ్ళు. కాగితం మీద అన్నిటికీ అర్హులు. 7 లక్షల అపార్ట్‌మెంట్ కొంటే స్టాంపు డ్యూటీ సున్నా. 5 శాతం అంటే 35 వేలు, అది కూడబెట్టారు. మరి ఎందుకు కొనలేదు? మిగిలిన 6 లక్షల 65 వేలు బ్యాంకు అప్పు ఇవ్వదు కాబట్టి. 6 శాతం వడ్డీతో ముప్ఫై ఏళ్ళకు నెలవారీ వాయిదా దాదాపు 4 వేలు. పన్ను పోను వాళ్ళ ఇంటికొచ్చే జీతంలో ఇంచుమించు సగం. పైగా ఇక్కడి బ్యాంకులు 2021 నుంచి మరో 3 శాతం వడ్డీ కలిపి కూడా కట్టగలరా అని చూడాలి. ఆ లెక్కన నెలకు 5,300 పైన. ఆ దగ్గరే ఫైలు ఆగిపోతుంది.

మాఫీ చేసిన 30 వేలు అందుకోవాలంటే ముందు 6 లక్షల అప్పు పుట్టాలి. అప్పు పుట్టేవాడికే మాఫీ. ఈ పథకం పేదవాణ్ణి ఆపడం లేదు, తలుపు తెరిచే ఉంచింది. కానీ ఆ తలుపు మూడో అంతస్తులో ఉంది, మెట్లు లేవు.

మన దేశంలోనూ ఇదే కథ. 2019 కేంద్ర బడ్జెట్‌లో ఆదాయపు పన్ను చట్టంలోకి 80ఈఈఏ అనే సెక్షన్ వచ్చింది. 2019 ఏప్రిల్ నుంచి 2022 మార్చి మధ్య మంజూరైన ఇంటి లోనుకు, వేరే ఇల్లు లేనివాళ్ళకు, 45 లక్షల లోపు స్టాంపు విలువ ఉన్న ఇంటికి, వడ్డీలో అదనంగా లక్షన్నర వరకు ఆదాయం నుంచి తీసేసుకోవచ్చు. 30 శాతం శ్లాబులో ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఏడాదికి 45 వేల రూపాయల పైచిలుకు మిగులుతుంది. 5 శాతం శ్లాబులో ఉన్న చిన్న ఉద్యోగికి అంతకంటే చాలా తక్కువ. మరి ఆ ఫ్లాటుకు ప్లాస్టరింగ్ చేసిన మేస్త్రీకి? ఆయన ఆదాయపు పన్ను కట్టే స్థాయిలోనే లేడు, కాబట్టి సున్నా. ఇల్లు ఎంత అవసరమో దానికి సరిగ్గా తలకిందులుగా సాయం అందింది. పన్ను రాయితీ అనే సాధనమే అట్లాంటిది. కట్టేవాడికే తగ్గించగలం, కట్టనివాడికి ఏం తగ్గిస్తాం?

సరే, కనీసం అందుకున్నవాడికైనా ఆ సొమ్ము మిగులుతున్నదా? దాన్ని కూడా చూద్దాం.

మీలో వేలంపాటకు వెళ్ళినవాళ్ళు ఉన్నారు. మీ చేతిలో 80 వేలు ఉన్నాయనుకోండి. డ్యూటీ కట్టాల్సి వస్తే 20 వేల పైచిలుకు అటు పోయి 60 వేల లోపే డిపాజిట్‌కు మిగులుతాయి. డ్యూటీ మాఫీ అయితే మొత్తం 80 వేలూ డిపాజిట్టే. 10 శాతం డిపాజిట్ లెక్కన 6 లక్షల లోపే ఆగిపోయే మీ చెయ్యి, బ్యాంకు ఒప్పుకుంటే, 8 లక్షల దాకా లేస్తుంది. బాగానే ఉంది. కానీ ఆ గదిలో మీ పక్కన నిలబడ్డ నలుగురి జేబులోనూ అదే 30 వేలు ఉన్నాయి. వాళ్ళ చెయ్యీ లేస్తుంది. ఉన్నది ఒక్కటే ఇల్లు. చివరికి ఆ 30 వేలలో మంచి భాగం అమ్మినాయన జేబులోకి వెళ్తుంది. బిల్డర్లకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. 7 లక్షల 99 వేలు అన్న ధర అన్ని ప్రకటనల్లో ఎందుకు కనబడుతుందనుకున్నారు?

8 నుంచి 10 లక్షల మధ్య ఇంకో తిరకాసు. 10 లక్షల ఇంటికి డ్యూటీ సుమారు 40 వేలు. 8 లక్షల దగ్గర సున్నా, 10 లక్షల దగ్గర 40 వేలు. అంటే ఆ మధ్యలో ధర పెరిగే ప్రతి డాలరుకు సుమారు 20 సెంట్లు డ్యూటీ. కోట్ల రూపాయల బంగళా కొనేవాడికి కూడా ఆఖరి డాలరు మీద ఇంత రేటు పడదు. రెండో పడగ్గది కోసం 8 లక్షల 60 వేలకు వెళ్దామనుకున్న చిన్న కుటుంబం మీద పడుతుంది. నేను రోజూ కంప్యూటరు ప్రోగ్రాములు చూసేవాణ్ణి. ఒక నిబంధన ఇట్లా ప్రవర్తిస్తే దాన్ని సరిచేయడానికి పంపిస్తాం, పరిమితి పెంచి ఇంకో చోటికి జరపం.

ఈ దేశం ఈ ప్రయోగం ఇప్పుడే మొదలుపెట్టలేదు. 1964లో మెంజీస్ ప్రభుత్వం ఇంటి పొదుపు గ్రాంటు తెచ్చింది. 36 ఏళ్ళ లోపు దంపతులు మూడు పౌండ్లు దాచుకుంటే సర్కారు ఒక పౌండు కలిపేది, 250 పౌండ్ల వరకు. 2000 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు దాని భారం తగ్గించడానికని 7 వేల డాలర్ల గ్రాంటు మొదలైంది. 2008లో ప్రపంచమంతా మాంద్యం వచ్చినప్పుడు దాన్ని పాత ఇంటికి 14 వేలు, కొత్త ఇంటికి 21 వేలు చేశారు. 2012 జనవరిలో మన రాష్ట్రం పాత ఇళ్ళకు డ్యూటీ మాఫీ ఎత్తేసి కొత్త ఇళ్ళకే ఇచ్చింది. 2017 జులైలో మళ్ళీ అన్నిటికీ ఇచ్చి పరిమితి 6.5 లక్షలు చేసింది. 2023లో 8 లక్షలు. ఇప్పుడు మనం 15 లక్షలు అడుగుతున్నాం. అరవై ఏళ్ళుగా నిచ్చెన పొడుగు పెంచుతున్న కొద్దీ అటక కూడా పైకి జరుగుతూనే ఉన్నది. ధరలు పెరగడానికి కారణాలు చాలా ఉన్నాయి, ఒక్క రాయితీల మీద నెట్టను. కానీ రాయితీలతో ధర దిగిన సందర్భం మాత్రం నాకు కనబడలేదు.

2022లో ఇక్కడి ప్రొడక్టివిటీ కమిషన్ గృహ వసతి ఒప్పందం మీద నివేదిక ఇచ్చింది. మొదటి ఇల్లు కొనేవాళ్ళకు పంచుతున్న ఇలాంటి సాయాన్ని నిలువ నీడ లేకుండా పోయే ప్రమాదంలో ఉన్నవాళ్ళ వైపు మళ్ళించమన్నది. ఆ నివేదిక చదివినప్పుడు నాకు గుచ్చుకుంది. ఎందుకంటే ఆ "పంచుతున్న సాయం"లో నా 24 వేలు ఉన్నాయి.

ఇప్పుడు అవతలి వాదన కూడా న్యాయంగా చెప్పాలి. లేకపోతే ఆ తమ్ముడు నన్ను వదలడు.

మొదటిది, స్టాంపు డ్యూటీయే చెడ్డ పన్ను. ఉద్యోగం మారి ఇల్లు మారుదామంటే శిక్ష. 2010లో వచ్చిన హెన్రీ నివేదిక దాన్ని తీసేసి భూమి మీద పన్ను వేయమన్నది. చెడ్డ పన్నును కొందరికైనా మాఫీ చేయడం తప్పెలా అవుతుంది? ఈ మాటలో బలం ఉంది. రెండోది, తల్లిదండ్రుల నుంచి డబ్బు అందనివాళ్ళకు 30 వేలు చిన్న మొత్తం కాదు. అదీ నిజమే. బ్లాక్‌టౌన్‌లో అద్దె కడుతూ, అప్పు పుట్టే అంచున నిలబడి, ఈ మాఫీతోనే గడప దాటిన కుటుంబాలు నాకు తెలుసు. మూడోది, ధర పరిమితి కూడా ఒక రకమైన గురి కదా, కోటీశ్వరుడికి ఇవ్వడం లేదు కదా అంటారు. ఒప్పుకుంటాను. గురి ఉన్నది. కానీ గురి ఇంటి మీద పెట్టారు, మనిషి మీద పెట్టలేదు. ఇల్లు 8 లక్షలదా అని చూస్తారు. కొనేవాడికి ఏడాదికి 3 లక్షలు వస్తాయా, 90 వేలు వస్తాయా అని చూడరు. హైదరాబాద్‌లో మూడు ఫ్లాట్లు ఉన్నాయా అని చూడరు.

ఇంకో వైపు చూడండి. మనకు తెలిసిన అక్క ఒకామె ఉన్నది. పెళ్ళయిన కొత్తలో భర్తతో కలిసి ఇల్లు కొన్నది, పేరు పత్రాల్లో ఎక్కింది. విడిపోయారు. ఇల్లు అమ్మి అప్పులు కట్టగా చేతికి మిగిలింది దాదాపు ఏమీ లేదు. ఇవాళ పిల్లవాడితో ఒంటరిగా కిరాయికి ఉంటున్నది. రాష్ట్రం లెక్కలో ఆమె "మొదటిసారి" కొనేది కాదు, కాబట్టి ఒక్క డాలరు మాఫీ లేదు. మూడు ఇళ్ళవాడినైన నాకు ఉన్నది, ఆమెకు లేదు. కేంద్ర పథకం ఈ విషయంలో కొంత నయం. పదేళ్ళుగా ఇక్కడ ఇల్లు లేనివాళ్ళను కూడా మొదటివాళ్ళుగానే చూస్తుంది, ఒంటరి తల్లులకు 2 శాతం డిపాజిట్ దారి కూడా ఉంచింది. అంటే "మొదటిసారి" అన్న మాటకు వేరే అర్థం పెట్టడం సాధ్యమే.

మరి గురి సరిగ్గా పెట్టిన పథకం ఒక్కటైనా ఉన్నదా అంటే, ఉన్నది. 2025 డిసెంబరులో మొదలైన హెల్ప్ టు బై. ప్రభుత్వం ఇంట్లో వాటా తీసుకుంటుంది, పాత ఇంటికి 30 శాతం వరకు, కొత్త ఇంటికి 40 శాతం వరకు. ఒంటరి మనిషికి లక్ష, జంటకు లక్షా 60 వేల ఆదాయ పరిమితి. ఇక్కడే కాదు, విదేశంలో కూడా వేరే ఇల్లు ఉండకూడదని అడుగుతుంది. ఆ మాట చదవగానే నవ్వొచ్చింది, ఎవరో నా ఫారం చూసి రాసినట్టుంది.

నా కిరాయిదారుల లెక్క ఈ పథకంలో వేసి చూశాను. 7 లక్షల అపార్ట్‌మెంట్. 2 లక్షల 10 వేలు ప్రభుత్వ వాటా. 2 శాతం, అంటే 14 వేలు వీళ్ళ డిపాజిట్. అప్పు 4 లక్షల 76 వేలు. అదే 6 శాతం వడ్డీకి నెలకు 2,850 డాలర్లు. ఇప్పుడు నాకు కడుతున్న కిరాయి నెలకు దాదాపు 2,700. తేడా ఎంత? 150 డాలర్లు. ఒక కుటుంబం కిరాయి ఇంట్లో మిగిలిపోవడానికీ, సొంత ఇంట్లో దిగడానికీ మధ్య ఉన్నది ఇదే. రేపు వాళ్ళు అమ్మితే ప్రభుత్వం తన వాటా తాను వెనక్కి తీసుకుంటుంది, అంటే ఆ సొమ్ము ఇంకో కుటుంబానికి పోతుంది. నాకు ఇచ్చిన 24 వేలు ఎవరికీ తిరిగి పోలేదు.

కానీ దేశం మొత్తానికి ఏడాదికి 10 వేల చోట్లే. ఇక్కడే మన ఉద్యమం నేర్పిన ప్రశ్న గుర్తొస్తుంది: లెక్క చూపించు, ఎవరికి ఎంత పోతున్నది? ఆదాయం అడగని పథకానికి ఇంతమంది అన్న హద్దు లేదు. ఆదాయం అడిగే పథకానికి హద్దు ఉంది. ఉన్నవాడికి గేటు లేదు, లేనివాడికి క్యూ ఉంది.

ఇప్పుడు మన వినతిపత్రం దగ్గరికి వస్తాను. 15 లక్షల ఇంటికి స్టాంపు డ్యూటీ 60 వేల పైన. దాన్ని మాఫీ చేయమంటున్నాం. 10 శాతం డిపాజిట్ పెట్టి ఆ ఇల్లు కొంటే అప్పు 13.5 లక్షలు, నెలకు 8 వేల పైన వాయిదా. ఆ వాయిదా కట్టగలిగినవాళ్ళు ఎవరు? మనమే. ఈ హాల్లో ఉన్న ఐటీవాళ్ళం, డాక్టర్లం, అకౌంటెంట్లం. ద పాండ్స్‌లో, కెల్లీవిల్‌లో విడి ఇల్లు కావాలనుకునే మన కోరికను రాష్ట్ర ఖజానా భరించాలని అడుగుతున్నాం. అదే ఖజానా నుంచి రౌజ్‌హిల్ ఆసుపత్రి రావాలి. 2015 ఎన్నికల ముందు మాట ఇచ్చినది. మన పిల్లల బడుల్లో డిమౌంటబుల్ గదుల బదులు పక్కా గదులు రావాలి. అవి ఆలస్యమయ్యాయని అదే వాట్సాప్ గ్రూపులో మనమే తిడతాం.

కాబట్టి వినతిపత్రం వద్దనడం లేదు. మార్చి రాద్దామంటున్నాను. మూడు కోరికలు చాలు.

ఒకటి, "మొదటి ఇల్లు" అంటే ఏమిటో సరిచేయమందాం. విదేశంలో సొంతంగా కొన్న ఇల్లు కూడా లెక్కలోకి రావాలి. ఊళ్ళో తాతల నాటి పెంకుటింట్లో నలుగురు అన్నదమ్ముల మధ్య వాటా ఉంటే దాన్ని మినహాయించాలి, అది ఆస్తి కాదు, జ్ఞాపకం. పదేళ్ళుగా ఇల్లు లేనివాళ్ళను మొదటివాళ్ళుగా చూడాలి. విదేశీ ఆస్తి సంగతి ఎట్లా తేలుస్తారని అడుగుతారు. కష్టమే. కాగితం అడిగితే సరిపోదని మనకు చెప్పనవసరం లేదు. ముల్కీ నిబంధన రాతలో బాగానే ఉండేది, దొంగ ముల్కీ సర్టిఫికెట్లే 1952లో హైదరాబాద్ పిల్లల్ని రోడ్డెక్కించాయి, తూటాలకు ఎదురు నిలబెట్టాయి. కాబట్టి అబద్ధపు ప్రమాణానికి మాఫీ సొమ్ము వడ్డీతో వసూలు చేసే నిబంధన, అమలు చేసే మనుషులు కూడా కావాలి.

రెండు, ధర ఒక్కటే కాకుండా ఆదాయం కూడా చూడమందాం. క్యాన్‌బెర్రాలో డ్యూటీ రాయితీకి కుటుంబ ఆదాయ పరిమితి ఉంది. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు? అట్లా మిగిలిన సొమ్ము వాటా పథకాలకు, ప్రభుత్వ ఇళ్ళకు పోవాలి.

మూడు, స్టాంపు డ్యూటీ చెడ్డదైతే కొందరికి మాఫీ చేయడం కాదు, అందరికీ మార్చమందాం. పెరోటే ప్రభుత్వం 2023 జనవరి నుంచి ఒక దారి తెరిచింది. 15 లక్షల లోపు మొదటి ఇంటికి, ఒకేసారి డ్యూటీ కట్టే బదులు ఏడాదికి 400 డాలర్లు, భూమి విలువలో 0.3 శాతం కట్టవచ్చు. మిన్స్ ప్రభుత్వం వచ్చి జులై 1న దాన్ని మూసి, ఇప్పుడున్న 8, 10 లక్షల పరిమితులు తెచ్చింది. ఎవరిది తప్పు అన్న పార్టీ తగవులోకి నేను పోను. కానీ ఏటేటా కట్టే భూమి పన్నులో ఒక న్యాయం ఉంది. భూమి ఉన్నంతకాలం కడతావు. అది వస్తే నేను మూడు గదుల మీదా, మూడు చోట్లా లెక్క చెప్పాల్సి వచ్చేది కాదు గానీ, కనీసం ఇక్కడి రెండింటి మీద కట్టాల్సి వచ్చేది. కట్టాలి.

ఇంట్లో ఈ ప్రసంగం చదివి వినిపిస్తే మా ఆవిడ ఒక్క మాట అన్నది. "తీసుకున్నప్పుడు లేని నీతి, తీసుకున్నాక వచ్చిందా?" నా దగ్గర దానికి గట్టి జవాబు లేదు. తీసుకున్నప్పుడు ఆ లెక్క చూడలేదు. చూసి ఉంటే తీసుకోకపోయేవాణ్ణని కూడా చెప్పను. నిబంధన ఉన్నంతవరకు మనుషులు తీసుకుంటారు. అందుకే మనుషుల నీతిని నమ్ముకుని కాదు, నిబంధనను సరిచేసి పోవాలి. మీలో అర్హత ఉన్నవాళ్ళు రాయితీ తీసుకోండి, ఎవరినీ తప్పుపట్టను. ఫారాలు నింపడంలో నేనే సాయం చేస్తాను. కానీ ఇంకా కావాలని అడగడానికి ముందు, మన ఇంట్లో కిరాయికున్న మనిషి వైపు ఒకసారి చూడండి.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాను. మా కిరాయిదారులకు హెల్ప్ టు బై దరఖాస్తు నింపి ఇచ్చాను. చోటు దొరికితే ఆ అపార్ట్‌మెంట్ మొదట వాళ్ళకే, బయటివాళ్ళకు చూపించకుండా, అమ్ముతానని ఇద్దరం కలిసి చెప్పాం. మార్కెట్ ధరకే. దానం కాదు, నేను అంత గొప్పవాణ్ణేం కాదు. దొరికేదాకా కిరాయి పెంచం. దొరుకుతుందో లేదో తెలియదు, 10 వేల చోట్లకు దేశమంతా పోటీ.

ఆమె షిఫ్టు ఆరింటికి అయిపోతది. మార్చి రాసిన వినతిపత్రం బయట టీ బల్ల మీద పెట్టాను. చదవండి. ఒప్పుకోకపోతే వచ్చి నాతో కొట్లాడండి. ఒప్పుకుంటే సంతకం పెట్టండి. మొదటి సంతకం నాది.

జై తెలంగాణ.